క్యూ మీద గీత, లేజర్, ఉత్తి క్యూ: లీగ్ పూల్‌లో ఏది మేలు?

లీగ్ పూల్ మ్యాచ్‌లో ఎనిమిదో బంతి ఒక్కటే మిగిలింది. మూల పాకెట్‌కి ఓ మాదిరి కట్, అంటే బంతికి పక్కగా తగిలించి కోణంలో పంపే షాట్. నేను వంగబోతుంటే అవతలి జట్టు కెప్టెన్ వచ్చి, "క్యూ మీద ఆ గీత ఏంటండీ?" అన్నాడు. గురి కుదరడానికి షాఫ్ట్ (క్యూ కర్ర ముందు భాగం) పొడవునా పెన్నుతో గీసుకున్న సన్నటి నల్ల గీత అది. అయిదు నిమిషాలు వాదన నడిచింది. చివరికి ఆడమన్నారు, ఆడాను, బంతి పాకెట్ మూతికి తగిలి బయటికొచ్చింది. గీత మాత్రం నిక్షేపంగా ఉంది.

అప్పటి నుంచీ దీని మీద కాస్త ఎక్కువే ఆలోచించాను. మన ముందున్న దారులు మూడు. క్యూ మీదే గీతో చుక్కో పెట్టుకోవడం, క్యూకి లేజర్ లాంటి పరికరం తగిలించుకోవడం, లేదంటే ఏమీ లేకుండా క్యూకి ఉన్న అంచులనే కొలతగా వాడుకోవడం.

లేజర్ సంగతి ముందే తేల్చేద్దాం. ఇంట్లో ప్రాక్టీసుకి బాగుంటుంది. స్ట్రోక్ వేసేటప్పుడు ఎర్రచుక్క అటూ ఇటూ ఊగితే మన చెయ్యి ఎంత వంకరగా వెళ్తోందో దాచుకోవడానికి వీలుండదు. మ్యాచ్‌కి మాత్రం పనికిరాదు. వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్ రూల్స్ ప్రకారం ఆటగాళ్లు మామూలుగా వాడుకలో లేని కొత్త పరికరాలు ఆటలోకి తేకూడదు. ఏ వస్తువునైనా అది దేనికోసం ఉందో ఆ పనికే వాడాలి. అనుమానముంటే ఆట మొదలవకముందే నిర్వాహకులని అడగాలి. లేజర్ విషయంలో అడిగేంత అనుమానం కూడా ఉండదు.

గీత సంగతి అంత తేలిక కాదు. స్నూకర్‌లో యాష్ చెక్క క్యూల మీద బాణం మొనల్లాంటి సహజమైన చారలుంటాయి. ఎప్పుడూ ఒకే చార పైకి ఉండేలా క్యూని పట్టుకోవడం అక్కడ చాలామందికి అలవాటే, దాన్నెవరూ తప్పు పట్టరు. పూల్‌లో వాడే మేపుల్ షాఫ్ట్ నున్నగా ఉంటుంది, కార్బన్ షాఫ్ట్ మీద చారే ఉండదు. అందుకే గీసుకోవాలనిపిస్తుంది. గీతతో నాకు కలిగిన నిజమైన లాభం ఒకటే. నా తల ఎక్కడ ఉండాలో తెలిసింది. గీత సూటిగా కనిపించేలా గడ్డం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటే, క్యూ ఎడమ కన్ను కిందికి కొంచెం జరగాలని తేలింది. ఒక్కొక్కరికి ఒక్కో చోటు. దీన్నే కోచ్‌లు విజన్ సెంటర్ అంటారు. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

అయితే గీత చెప్పేది క్యూ ఎటు చూస్తోందో మాత్రమే. ఎటు చూడాలో చెప్పదు. పైగా చాక్ రాసుకున్న ప్రతిసారీ క్యూ చేతిలో తిరుగుతుంది, గీతని మళ్లీ పైకి తెచ్చుకోవాలి. వేలు చుట్టి క్లోజ్డ్ బ్రిడ్జ్ వేస్తే ఆ వేలి కింద కొంత గీత దాక్కుంటుంది. టెన్షన్‌లో ఇవన్నీ అదనపు పనులు.

ఇక ఉత్తి క్యూ. ఇందులో ఓ చక్కని లెక్క ఉంది. పూల్ బంతి అడ్డుకొలత 57 మిల్లీమీటర్లు, నాలుగో వంతు అంటే 14 చిల్లర. మామూలు షాఫ్ట్ మొన 12 నుంచి 13 మిల్లీమీటర్లు. అంటే మన చేతిలోనే దాదాపు పావుబంతి స్కేలు ఉంది! తెల్లబంతితో కొట్టాల్సిన బంతి నడిమికి క్యూని గురిపెడితే ఆ బంతి నేరుగా పోతుంది. నడిమికీ అంచుకీ మధ్యకి గురిపెడితే సుమారు 14 డిగ్రీల కట్. సరిగ్గా అంచుకి పెడితే 30. అంచు దాటి ఇంకో పావు బయటికి పెడితే 48, 49 మధ్య. ఏ గీతా అక్కర్లేదు.

ఇక్కడో మెలిక. షాఫ్ట్ మొన కంటికి దగ్గర, బంతి దూరం. ఆ బంతి మొన కన్నా రెట్టింపు దూరంలో ఉంటే షాఫ్ట్ పావు బంతిని కాదు, దాదాపు సగం బంతిని కప్పేస్తుంది. కాబట్టి పైన చెప్పిన స్కేలు దగ్గరి షాట్లకే. ఫెర్రూల్ (షాఫ్ట్ చివర ఉండే చిన్న తొడుగు) మీద చుక్కలు పెట్టుకుని 'ఈ చుక్క పెడితే ఈ కట్' అనుకునేవాళ్లకీ ఇదే దెబ్బ. దూరం మారితే చుక్క అర్థం మారిపోతుంది. దానికి తోడు బంతులు తగిలేటప్పుడు రాపిడి వల్ల కొట్టిన బంతి కొద్దిగా పక్కకి లాగుతుంది. మెల్లగా కొట్టిన కట్‌లో ఇది ఎక్కువ. సైడ్ స్పిన్ పెడితే తెల్లబంతే క్యూ చూపిన దారి తప్పుతుంది. ఈ రెండూ గీతలో కనబడవు, ఆడగా ఆడగా కంటికి అలవాటు కావాల్సినవే.

ఇంకో లెక్క చెప్తాను, నా మనసు మార్చింది అదే. నేరు షాట్‌లో రెండు బంతులూ మీటరు దూరంలో ఉన్నాయనుకోండి. తెల్లబంతి అర డిగ్రీ తప్పితే అక్కడికి చేరేసరికి దాదాపు 9 మిల్లీమీటర్లు పక్కకి వెళ్తుంది. దాంతో కొట్టిన బంతి దారి ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు మారిపోతుంది. ఆ అర డిగ్రీ చాలాసార్లు గురిలో పోదు, చెయ్యి ఊగడంలో పోతుంది.

అందుకని నా ఓటు లీగ్ రాత్రి ఉత్తి క్యూకే. ప్రాక్టీసులో మాత్రం గీత ఉన్న రెండో షాఫ్ట్. వారానికి ఓ అరగంట దాంతో నేరు స్టాప్ షాట్లు (తగలగానే తెల్లబంతి అక్కడే ఆగిపోయే షాట్లు) కొట్టి, తలని దాని చోట పెట్టుకోవడం అలవాటు చేసుకుంటాను. తర్వాత షాఫ్ట్ మార్చేస్తాను. కొత్తగా నేర్చుకుంటూ క్యూ అసలు సూటిగానే కనబడనివాళ్లు మ్యాచ్‌లోనూ గీత కావాలంటే నేను కాదనను. ఒకటే షరతు. సీజన్ మొదట్లోనే లీగ్ నిర్వాహకులకి చూపించి, ఒప్పుకుంటే రాతలో తీసుకోండి. టేబుల్ మీద గుర్తు పెట్టడం మాత్రం ఎవరూ ఒప్పుకోరు, రూల్స్‌లో అది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన కిందికే వస్తుంది. గురి చూసుకుందామని చాక్ ముక్కని టేబుల్ అంచు మీద ఫలానా చోట పెట్టే తెలివితేటలు కూడా వద్దు.