600 దగ్గర మసక ఎందుకొస్తోంది: నాలుగేళ్లు వాడిన టెలీ లెన్స్ అనుభవం

నా దగ్గరున్నది 150-600 మి.మీ. జూమ్ లెన్స్. బరువు దాదాపు రెండు కిలోలు. పూర్తిగా జూమ్ చేస్తే అపెర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్6.3 కంటే తెరుచుకోదు; ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. దీన్ని 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే కెమెరాకి) తగిలించి నాలుగేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాను. ఎక్కువగా గుంటూరు పక్కనున్న ఉప్పలపాడులో, చలికాలంలో వీలైతే నేలపట్టు, పులికాట్‌లలో. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందులు ఈ తరహా 600 జూమ్ ఏది కొన్నా ఎదురయ్యేవే.

మొదటి ఆరు నెలలూ లెన్స్‌లోనే లోపం ఉందని గట్టిగా నమ్మాను. ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటే ఒక పూటలో నాలుగు వందల ఫొటోలు తీసేవాణ్ణి. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే పది కూడా మిగిలేవి కావు. కన్ను ఉండాల్సిన చోట ఒక నల్లటి మచ్చ, ఈకలు ఉండాల్సిన చోట దూది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే మూడు వారాలు ఉంచుకుని లోపమేమీ లేదని తిప్పి పంపారు. అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను.

నన్ను ఆపింది ఒక పాడైన ఫొటో. ఒడ్డున ఎర్రకాళ్ల కొంగ నిలబడి ఉంది, కొంగ మొత్తం మసక. కానీ దానికి జానెడు ముందున్న గడ్డిపోచ మీద మంచుబొట్టు, ఆ బొట్టులో తలకిందులుగా కనిపిస్తున్న చెట్టు కూడా తేటగా వచ్చాయి. అంత వివరం పట్టగలిగిన లెన్స్ పాడైందని ఎలా అంటాం?

అప్పటినుంచి మసక ఫొటోని డిలీట్ చేసే ముందు పక్షిని వదిలేసి దాని చుట్టూ చూస్తాను. ముందో వెనకో ఏదైనా తేటగా ఉంటే అది ఫోకస్ గొడవ. ఏదీ తేటగా లేకుండా ప్రతిదీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది. అంచులు వంకర్లు పోయి, నీళ్లలోంచి చూసినట్టుంటే అది ఎండకి వేడెక్కి కదిలే గాలి పని. ఫొటో అంతటా పలచటి పాలపొర పరిచినట్టుంటే అద్దం మీద ఏదో ఉంది. టెన్షన్ పడకుండా ఈ నాలుగూ విడదీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

నా సమస్యలో పెద్ద వాటా ఫోకస్‌దే. 600 దగ్గర, ఎఫ్6.3లో, పది మీటర్ల దూరాన ఉన్న పక్షికి తేటగా వచ్చే మందం సుమారు ఏడు సెంటీమీటర్లు. కొంగ ఛాతీ మీద ఫోకస్ పడితే కన్ను పోయినట్టే. కెమెరా తనంతట తాను పాయింట్ ఎంచుకునే పద్ధతిలో ఎప్పుడూ దగ్గరగా ఉన్న కొమ్మనే పట్టుకునేది. అందుకే మధ్యనున్న ఒక్క పాయింట్ పెట్టుకుని, దాన్ని కంటి మీదే ఉంచడం అలవాటు చేసుకున్నాను.

అయినా పూర్తిగా నయం కాలేదు. అప్పుడు డాబా మీద ఒక పరీక్ష చేశాను. 25 కిలోల ఖాళీ బియ్యం సంచిలో అట్ట పెట్టి, అక్షరాలు ఇటు తిరిగేలా పదిహేను మీటర్ల దూరంలో నిలబెట్టాను. దాని పక్కనే కొలత టేపుని ముందు నుంచి వెనక్కి ఏటవాలుగా పరిచాను. కెమెరా ట్రైపాడ్ మీద, స్టెబిలైజర్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఆఫ్, రెండు సెకన్ల టైమర్. ముందు లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేసి తీశాను. సంచి మీది చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను. తర్వాత వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) ఆటోఫోకస్‌తో పది తీశాను. ప్రతిసారీ ఫోకస్‌ని చెదరగొట్టి మళ్లీ పట్టించాను. పదింటిలో ఎనిమిది, సంచికి జానెడు ముందే టేపు మీద తేటగా ఉన్నాయి.

డీఎస్ఎల్ఆర్‌లో ఆటోఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో పట్టే సెన్సర్ వేరు. వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా 600 దగ్గర జానెడై కూర్చుంటుంది. కెమెరా మెనూలో దీన్ని సరిచేసే ఫైన్ ట్యూన్ ఉంటుంది, మైనస్ 20 నుంచి ప్లస్ 20 వరకు. నాకు ప్లస్ 8 దగ్గర కుదిరింది. 300 దగ్గర కూడా మరోసారి చూసుకున్నాను, చెడిపోలేదు. ఆటోఫోకస్ సరిగ్గా సంచి మీద పడిన ఆ మొదటి ఫొటో చూసినప్పుడు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వాడేవాళ్లకు ఈ బాధ దాదాపు ఉండదు, ఫొటో పట్టే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది.

లెన్స్ పక్కనున్న ఫోకస్ లిమిటర్ బటన్ (ఏ దూరాల మధ్యే ఫోకస్ వెతకాలో చెప్పేది) కూడా చూసుకోండి. అది పది మీటర్ల నుంచి దూరానికి పెట్టి ఉన్న రోజు, కరెంటు తీగ మీద అంతకన్నా దగ్గరగా ఎదురుగా కూర్చున్న లకుముకి పిట్టకి ఫోకస్ అటూ ఇటూ కొట్టుకుని, చివరికి పిట్టే ఎగిరిపోయింది.

చెయ్యి కదలడం గురించి చెప్పాలంటే, నా కెమెరాలో ఉన్న క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) మీద 600 అంటే చూపులో 900తో సమానం. కాబట్టి కూర్చున్న పక్షికైనా షట్టర్ వేగం 1/1000 సెకనుకి తగ్గను, ఎగిరేదానికి 1/2000 పైనే. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 1600కి పోయినా పర్వాలేదు. దానివల్ల వచ్చే నాయిస్‌ని (ఇసక రేణువుల్లాంటి గరుకుని) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని తిరిగి తేలేం. స్టెబిలైజర్ బాగా పనిచేస్తుంది, కానీ బటన్ సగం నొక్కాక కుదురుకోవడానికి అర సెకను ఇవ్వాలి. కారు కిటికీ మీద పెట్టుకోవడానికి మా అమ్మ పాత జీన్స్ కాలుతో ఒక సంచి కుట్టి, శనగలు పోసి ఇచ్చింది. కారులోంచి తీయడానికి ట్రైపాడ్ కన్నా అదే మేలు. ఇంజిన్ మాత్రం ఆపేయాలి.

ఎండకి మాత్రం మందు లేదు. ఉదయం ఏడింటికి అదే గట్టు నుంచి తీసిన గూడబాతు ముక్కు మీది మచ్చలు లెక్కపెట్టొచ్చు. పదిన్నరకి అదే దూరంలో ముక్కు గీతే వంకరగా వస్తుంది. లక్షలు పోసి లెన్స్ కొన్నా అంతే. దూరం తగ్గించుకోవాలి, లేదా కెమెరా సర్దేసి టీ తాగాలి. కారులో ఏసీ వేసి అద్దం దించి తీసినా ఇదే తంతు. చల్లగాలి, వేడిగాలి కిటికీ దగ్గరే కలుస్తాయి.

పాలపొర సంగతి తేలిగ్గానే తీరింది. రక్షణ కోసం పెట్టిన చౌక యూవీ ఫిల్టర్ తీసేసి, లెన్స్ ముందు నీడనిచ్చే హుడ్ మాత్రం ఉంచాను. ఏసీ గదిలోంచి కోస్తా ఉక్కలోకి నేరుగా తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బ్యాగులోనే అరగంట ఉంచి బయటికి తీయాలి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా లెన్స్‌కి ఒక హద్దుంది. 600లో ఎఫ్6.3 కన్నా ఎఫ్8 స్పష్టంగా మెరుగు. వెలుతురు బాగుంటే 550 దగ్గరే ఆపుతాను. కిందికి వంచితే లెన్స్ గొట్టం తనంతట తానే జారుతోంది, జూమ్ రింగ్ రబ్బరు వదులైంది. అయినా ఈ ధరలో ఇంతకన్నా ఆశించను. కొత్తగా కొన్నవాళ్లు బియ్యం సంచి పరీక్షని రిటర్న్ గడువు దాటకముందే, మొదటి వారంలోనే, 150, 300, 600 మూడింటి దగ్గరా చేసుకోండి. ఒక చివర ముందుకి, ఇంకో చివర వెనక్కి పడుతుంటే ఫైన్ ట్యూన్‌తో కుస్తీ పట్టకుండా వేరే పీసు అడగండి.