తవాంగ్ ప్రయాణం: గేటు దాటడం తేలిక, బుమ్‌లాకే ఒక రోజు చేతిలో ఉంచుకోండి

అరుణాచల్‌లో అడుగు పెట్టాలంటే మనకీ అనుమతి కావాలనగానే మా ఇంట్లో సగం ఉత్సాహం నీరుగారిపోయింది. బయటివాళ్ళు అనుమతి లేకుండా రాకూడదంటూ 1873లో బ్రిటిష్‌వాళ్ళు తెచ్చిన ఇన్నర్ లైన్ నిబంధన ఇంకా నడుస్తోంది. తీరా చూస్తే అదేమంత పని కాదు. ఆన్‌లైన్‌లో ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి ఎవరిది వాళ్ళకి తీసుకున్నాం. అస్సాం సరిహద్దులోని భాలుక్‌పాంగ్ గేటు దగ్గర కాగితాలు చూసి వదిలేశారు, టీ చల్లారేలోపు అయిపోయింది. అమెరికాలో ఉండే పిల్లలు వెంట వస్తున్నారా? అయితే లెక్క వేరు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ పాస్‌పోర్టు వాళ్ళకి ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ అనే వేరే అనుమతి కావాలి. చైనా సరిహద్దులోని బుమ్‌లా కనుమకి వాళ్ళని పంపరు. ఇది టికెట్లు కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతి.

మేము దెబ్బతిన్నది లోపలికి వెళ్ళాక. ఈ బుమ్‌లా పాస్‌కి మనకీ ఇంకో అనుమతి ఉంటుంది. తవాంగ్ డిప్యూటీ కమిషనర్ ఆఫీసు ఇవ్వాలి, దానిపైన సైన్యం ముద్ర పడాలి. మేము ఊళ్ళోకి చేరింది శనివారం పొద్దుపోయాక. ఆదివారం ఆఫీసు లేదు. సోమవారం కాగితాలు, మంగళవారం ప్రయాణం. ఆదివారమంతా తవాంగ్ బౌద్ధ మఠంలో గడిపాం కాబట్టి సరిపోయింది గానీ, ముందే లెక్క వేసుకుని ఉంటే ఆ కంగారు తప్పేది. పర్మిట్, గుర్తింపు కార్డు జిరాక్సులు నాలుగైదు సెట్లు దగ్గర పెట్టుకోండి. మేము గువాహటి నుంచి తెచ్చుకున్న కారుని బుమ్‌లాకి రానివ్వరు, అక్కడి బండే మాట్లాడుకోవాలి. దాదాపు 15,200 అడుగుల ఎత్తు. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. దారిలో సంగేత్సర్ సరస్సు (అందరూ మాధురీ లేక్ అనే అంటారు) 1950 భూకంపంలో పుట్టింది. నీళ్ళ మధ్య ఎండిన చెట్ల మోళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. నాకైతే బుమ్‌లా కంటే అదే నచ్చింది.

బసల్లో తవాంగ్ దారిలోని దిరాంగ్‌కే నా ఓటు. సుమారు 5,000 అడుగులే కాబట్టి నిద్ర పడుతుంది, ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడుతుంది. స్థానిక మోన్పా తెగ కుటుంబం నడిపే హోమ్‌స్టేలో దిగాం. గది చిన్నదే, కానీ రాత్రి పొయ్యి పక్కన కూర్చోబెట్టి వేడి తుక్పా (నూడుల్స్ సూపు) పెట్టారు. ఉప్పు వేసిన వెన్న టీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాను, వాళ్ళేమీ అనుకోలేదు. తవాంగ్‌లో దిగిన హోటల్‌కి దీనికంటే ఎక్కువే కట్టాం. హీటర్‌కి వేరే డబ్బులన్నారు, తీరా కరెంటు పోతే అదీ లేదు. గది మాట్లాడుకునేటప్పుడు జనరేటర్ ఏ వేళల్లో వేస్తారో అడగండి. "ఉంది సార్" అంటే నమ్మేయకండి.

దిరాంగ్‌కీ తవాంగ్‌కీ మధ్య 2024లో సేలా సొరంగం తెరిచాక డ్రైవర్లు సేలా పాస్ మీదుగా వెళ్ళే పైదారి మానేశారు. సమయం కలిసొస్తుంది, నిజమే. కానీ 13,700 అడుగుల మీది సేలా సరస్సు కనిపించదు. పోతూ సొరంగంలో వెళ్ళి, వస్తూ పాస్ మీదుగా రమ్మని ముందే మాట్లాడుకోండి. జంగ్ జలపాతానికి, 1962 యుద్ధంలో ప్రాణాలిచ్చిన జస్వంత్ సింగ్ రావత్ స్మారకానికి ఆపమని కూడా అప్పుడే చెప్పేయండి. అక్టోబరు చివర్లో అయిదు కాకుండానే చీకటి పడిపోతోంది. పొద్దున ఆరుకల్లా బయల్దేరకపోతే ఆ మలుపులన్నీ హెడ్‌లైట్ల వెలుగులోనే దాటాలి.

ఇంకొకటి, కొండ దిగిన రోజే విమానం పెట్టుకోకండి. ఒక్క రాయి రోడ్డు మీద పడితే మూడు గంటలు పోతాయి. మాకు బొమ్‌డిలా దాటాక సరిగ్గా అదే జరిగింది. గువాహటిలో ఆ రాత్రికి గది తీసుకుని ఉండబట్టి, ఆగిన చోటే బండి దిగి తీరిగ్గా మోమోలు తిన్నాం.