కోరంగిలో రంగం జాడ కోసం

కాకినాడలో యానాం బస్సెక్కితే ముప్పావు గంటలోపే కోరంగి. మడ అడవి చూడడానికి వచ్చేవాళ్లంతా అభయారణ్యం దగ్గర దిగుతారు. నేనూ అక్కడే దిగాను గానీ, వచ్చిన పని వేరు. మా తాతగారి అన్న కాకినాడలో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లారు. 1942లో ఇంటికి బయలుదేరారని అంటారు. చేరలేదు.

బర్మాలో తెలుగు కూలీలకు ఈ ఊరి పేరే పడింది: కోరంగీలు. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్లు. 1930 మే అల్లర్లలో బర్మా కూలీల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్లే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, లక్షలాది భారతీయులు అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు. దారిలో పోయినవారు పది వేలని ఒక చరిత్రకారుడు, యాభై వేలని మరొకరు, ఎనభై వేల దాకా ఉండవచ్చని ఇంకొకరు. బయలుదేరినవాళ్లను లెక్కపెట్టిన నాథుడు లేడు, శిబిరాలకు చేరినవాళ్లనే రాసుకున్నారు. మరి లెక్కెలా తేలుతుంది? తప్పెవరిదన్నదీ తేలలేదు. బాంబులేసిన జపాన్‌దా, దారికాచి దోచిన స్థానికులదా, మెరుగైన దారి తెల్లవారికి వదిలి మనవాళ్లను మరో దారి పట్టించిన బ్రిటిష్ సర్కారుదా? నన్నడిగితే ఆ మూడో పద్దు ఇంకా పూర్తిగా రాయలేదు.

1942 ఏప్రిల్ 6న కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఆ సంగతి ఆటో అబ్బాయికి తెలుసు. కోరంగీలంటే ఎవరని అడిగితే మాత్రం, “ఈ ఊరివాళ్లేగా సార్” అన్నాడు.

మడ అడవిలో చెక్కబాట మీద నడక హాయిగా ఉంది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు, వాటి మధ్య పీతలు. పొద్దున్నే వెళ్లండి. యానాంలో గోదావరి గట్టు సాయంత్రానికి బాగుంటుంది, అంతే.

బస కోనసీమలో ఒక మండువా లోగిలి. రోజుకు నాలుగు వేలు, ఎక్కువే. వేడినీళ్లు బకెట్లతో తెచ్చిచ్చారు, రాత్రి ఏసీ రెండుసార్లు ఆగింది. చింతచిగురు రొయ్యలకు మాత్రం వంక పెట్టలేను.

మండువా స్తంభం అరచేతికి నున్నగా, చల్లగా తగిలింది. “అసలు రంగూన్ టేకండీ, వందేళ్లయినా చెద ముట్టలేదు” అన్నారు యజమాని. దూలం చివర దుంగకు కొట్టిన ముద్ర కూడా టార్చి వేసి చూపించారు: రెండక్షరాలు, ఒక అంకె.

“మీ ఊరినుంచి రంగం వెళ్లినవాళ్లు ఉన్నారాండీ?”

“మా తాతగారి పాలేరు కొడుకొకడు వెళ్లాడనేవారు” అని కాసేపు ఆలోచించారు. “పేరు గుర్తులేదండీ. కాఫీ చల్లారిపోతోంది, తీసుకోండి.”