కొలిజన్‌కి తెలుగులో ఏది మేలు: అభిఘాతమా, ఢీనా?

తెలుగులో సైన్స్ కథలు రాసేవాళ్లు, పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే: పాఠ్యపుస్తకాల్లోని 'అభిఘాతం' వాడాలా, 'ఢీ' సరిపోతుందా, కొత్త మాట పుట్టించాలా? బెంగళూరులో సిమ్యులేషన్ ప్రోగ్రాములు, అంటే వస్తువుల కదలికను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. రెండు చోట్లా ఈ మాటతో పని పడుతుంది.

అభిఘాతాన్ని ఇంట్లో ఎవరూ వాడరు. అదే దాని బలం, మనం ఏ అర్థం ఇస్తే అదే నిలుస్తుంది. ఫిజిక్స్‌లో కొలిజన్ అంటే తగలాలనేమీ లేదు. బంగారు రేకు మీదికి వదిలిన ఆల్ఫా కణాల్లో కొన్ని వెనక్కి తిరగడానికి 1911లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ చెప్పిన కారణం విద్యుత్ వికర్షణ, అంటే ఒకే రకం విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం. అవి బంగారు పరమాణువు మధ్యనుండే కేంద్రకాన్ని తాకనే లేదు. దాన్ని ఢీ అంటే పిల్లలు 'టక్'మని తగిలిందనుకుంటారు. పరీక్ష తెలుగులో రాసేవాళ్లకు 'స్థితిస్థాపక అభిఘాతం' (ఎలాస్టిక్ కొలిజన్) ఎలాగూ తప్పదు.

అయినా నేను ఢీ వైపే. నాకు తేల్చేది క్రియ. 'బస్సు లారీని ఢీకొట్టింది' అంటే తప్పు బస్సు మీద పడుతుంది. 'బస్సు, లారీ ఢీకొన్నాయి' అంటే రెండిటికీ సమానం. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందనే న్యూటన్ మూడో నియమం ఆ 'కొన్నాయి'లోనే ఉంది. మొన్న క్యారమ్ బోర్డు మీద ఒక కాయిన్‌ని ఇంకోదానికి ఎదురుగా, సూటిగా కొట్టి చూపించాను. మొదటిది దాదాపు ఉన్నచోటే ఆగింది, రెండోది దూసుకుపోయింది. తర్వాత రెండు మెత్తటి పిండిముద్దలు ఒకదానిమీదికి ఒకటి విసిరితే, ఏడో తరగతి అమ్మాయి "కరుచుకుపోయాయి అంకుల్!" అంది. అప్పటినుంచి మా క్లాసులో కాయిన్లది తుళ్లుఢీ, పిండిముద్దలది అంటుఢీ. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో బండ్లు రాసుకుపోతాయే, అది ఒరుసుఢీ.

సిమ్యులేషన్‌లో ఢీ ఇంకా బాగా పనికొస్తుంది. సెకనుకు 100 మీటర్ల వేగంతో వచ్చే గుండు ఎక్కడుందో సెకనుకు 60 సార్లు చూస్తున్నామనుకోండి. రెండు చూపుల మధ్య అది సుమారు 1.67 మీటర్లు పోతుంది. 20 సెంటీమీటర్ల గోడకు ఇవతల ఒకసారి, అవతల ఒకసారి కనిపిస్తుంది. ప్రోగ్రాముకు తగిలిన సంగతే తెలియదు. దీన్ని టన్నెలింగ్ అంటారు, కానీ సూక్ష్మకణాలు అడ్డుగోడల్లాంటి వాటిని దాటిపోయే క్వాంటమ్ టన్నెలింగ్ వేరే ఉంది, కొత్తవాళ్లు తికమకపడతారు. 'జారిన ఢీ' అంటే మా టీమ్‌లోని తెలుగువాళ్లకు వెంటనే అర్థమైంది.

మిగతావి: 'సంఘట్టనం' మరీ బరువు. 'తాకిడి' అనగానే జనం రద్దీ గుర్తొస్తుంది. కన్నడవాళ్ల 'డిక్కి' మనకు కారు వెనక సామాను పెట్టే చోటు. ఆఫీసు మాటల్లో కొలిజన్ అన్నా ఇబ్బంది లేదు.

కథల్లో గెలాక్సీల సంగతి వేరు. రెండు గెలాక్సీలు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయినా నక్షత్రాలు దాదాపు తగలవు, అంత ఎడం వాటి మధ్య. అక్కడ ఢీ, అభిఘాతం రెండూ వదిలేసి 'కలబోత' అని రాస్తున్నాను. రూథర్‌ఫర్డ్ కణాలకు ప్రస్తుతానికి 'తాకనిఢీ'. ఇంతకంటే మంచి మాట తడితే చెప్పండి, మార్చేస్తాను.