రాటిల్‌స్నేక్ లేక్ దగ్గర వాన వాయించే డోళ్లు

సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్లం ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే స్నోక్వాల్మీ జలపాతానికి బయల్దేరతాం. అక్కడికి కారులో అరగంట కూడా పట్టని రాటిల్‌స్నేక్ లేక్‌ను ఎక్కువమంది కొండెక్కడానికే వాడుకుంటారు. నన్నడిగితే చెరువు పక్కనున్న సీడర్ రివర్ వాటర్‌షెడ్ (నదికి నీళ్లు చేర్చే పరీవాహక ప్రాంతం) ఎడ్యుకేషన్ సెంటర్ కోసమే వెళ్లాలి. ప్రవేశం ఉచితం, పెద్దవాళ్లకు నడక తక్కువ. శని, ఆదివారాల్లో పొద్దున్నే చేరకపోతే పార్కింగ్ దొరకదు.

సియాటిల్ తాగునీటిలో సుమారు మూడింట రెండు వంతులు ఈ కొండలదే. వెనకున్న 90 వేల ఎకరాల పైచిలుకు అడవిలోకి జనాన్ని వదలరు. సెంటర్ ఆవరణలో మొక్కల మధ్య డోళ్లు అమర్చారు. వానొస్తే వానే వాయిస్తుంది. లేనప్పుడు కంప్యూటర్ వదిలే చుక్కలు దరువేస్తాయి. చేసింది డాన్ కోర్సన్ అనే కళాకారుడు. 1973 నాటి చట్టం ప్రకారం సియాటిల్ నగరం తన నిర్మాణాల ఖర్చులో ఒక శాతం కళకు ఇవ్వాలి, నీటి శాఖ కూడా. ఈ డోళ్లు అలా వచ్చినవే. మా పిల్లలు అక్కణ్ణుంచి కదల్లేదు.

అయితే ఈ నీళ్ల దగ్గర మనుషులు బతికిన ఆనవాళ్లు 9 వేల ఏళ్లు దాటినవి. స్నోక్వాల్మీ, మకిల్‌షూట్ తెగలవాళ్ల నేల ఇది. ఇక్కడ ఇకపై ఏ కళాకృతి పెట్టినా వాళ్ల కళాకారులకే అప్పగించాలి, అదీ గోడలు లేచాక కాదు, నక్షా గీసే రోజు నుంచే. సియాటిల్ పయనీర్ స్క్వేర్‌లోని ప్రసిద్ధ టోటెమ్ స్తంభం (ఆదివాసులు తమ వంశ చిహ్నాలు చెక్కే కొయ్య స్తంభం) కథ తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. మొదటి స్తంభాన్ని 1899లో నగర వ్యాపారులు అలాస్కాలోని ట్లింగిట్ తెగవాళ్ల ఊరి నుంచి దొంగిలించి తెచ్చారు. ఈ ప్రాంతపు శైలే కాదది! పక్క నగరం టకోమాలో 2010లో నిలిపిన స్వాగత మూర్తి మాత్రం అక్కడి ప్యుయాలప్ తెగ శిల్పి షాన్ పీటర్సన్‌ది. నాకు కావలసింది అలాంటి పని.

ఇక స్నోక్వాల్మీ జలపాతం ఎత్తు 268 అడుగులు, స్నోక్వాల్మీలకు పవిత్ర స్థలం. దాని ఒడ్డున 1899 నుంచీ జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది. పక్కనున్న సేలిష్ లాడ్జి అనే హోటల్‌ను 2019లో ఆ తెగే 12.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. గది ఖరీదెక్కువే, అయినా ఒక రాత్రికి పెట్టగలిగితే అక్కడే దిగండి, ఆ డబ్బు చేరాల్సిన చోటికే చేరుతుంది. మేం మిగుల్చుకుందామని హైవే పక్క మోటెల్‌లో దిగితే లారీల మోతకు అమ్మకు నిద్రే లేదు.