మేడ మీద నిలువు గాలిమర: అడుగు బేరింగ్ గోల

కరెంటు కోసం మేడ మీద పెట్టించిన ఈ గాలిమర గురించి కొత్తలో ఎవరడిగినా ‘చప్పుడే ఉండదండీ’ అనేవాణ్ణి. ఇప్పుడడిగితే ముందు అడుగు బేరింగ్ సంగతి చెబుతున్నాను.

మాది చెన్నై తిరువాన్మియూర్‌లో సొంత మేడ, సముద్రానికి దగ్గర. పెట్టించింది నిలువు ఇరుసు మీద తిరిగే సావోనియస్ రకం, అంటే నిలువునా చీల్చిన పీపా ముక్కల్లాంటి రెక్కలున్నది. గాలి ఎటు నుంచి వచ్చినా తిరుగుతుంది. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి రెక్కల హోరు లేదు, ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ రోటర్ (రెక్కలతో సహా తిరిగే భాగం) బరువంతా మోసేది అడుగున ఉన్న బేరింగ్. ఉప్పుగాలికి దాన్ని మూసి ఉంచే సీల్ పాడై లోపల తుప్పు పట్టింది. మొదట్లో సన్నగా గీరుతున్నట్టు వినిపించేది. స్తంభం స్లాబుకే బిగించి ఉంది కదా, రానురానూ ఆ అదురు నేరుగా కింద పడకగదిలోకి దిగింది. ‘దాన్ని ఆపుతారా, నన్ను హాల్లో పడుకోమంటారా’ అని మా ఆవిడ ఒక అర్ధరాత్రి తేల్చి అడిగింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే గ్రీజు పెట్టమన్నారు. సీల్ వేసి ఉన్న బేరింగ్‌కి గ్రీజు ఎక్కడ పెట్టను? చివరికి లేత్ షాపతను మనుషుల్ని తెచ్చి, మేడ మీద చైన్ పుల్లీ కట్టి, రోటర్ మొత్తం పైకి లేపితే గానీ అది బయటికి రాలేదు. బేరింగ్ ధర కంటే కూలీయే ఎక్కువైంది. స్తంభం కింద రబ్బరు ప్యాడ్లు వేయించాక అదురు తగ్గింది, పూర్తిగా పోలేదు.

ముట్టుకాడు వైపు ఉండే మా బావగారిది మూడు రెక్కలది, గాలికి ఎదురుగా తిప్పే తోక ఉన్నది. ఎత్తయిన టవర్, చుట్టూ ఖాళీ స్థలం. కరెంటు నాదానికంటే బాగా ఎక్కువ వస్తుంది. గాలి మరీ ముదిరితే తోక మడుచుకుని రెక్కలు పక్కకు తప్పుకుంటాయి. అదే మా వీధిలో పెడితే, అపార్ట్‌మెంట్ల మధ్య సుడులు తిరిగే గాలికి దిక్కు వెతుక్కోవడంతోనే దాని పని సరిపోతుంది.

ఏ రకమైనా గాలి వేగం మూడో వంతుకు పడితే కరెంటు 27వ వంతుకు పడుతుంది. సెకనుకు 12 మీటర్ల గాలికి కిలోవాట్ అని రాసి ఉన్న మర, 4 మీటర్ల గాలికి 37 వాట్లు ఇస్తే గొప్ప. మా సాయంత్రపు గాలి చాలాసార్లు ఆ పాటిదే.

నా పాత పొగడ్తల్లో సగం 2023 డిసెంబరు నాటివి. మిగ్‌జాం తుపాను బాపట్ల వైపు వెళ్తూ చెన్నైని ముంచినప్పుడు వీధంతా చీకటి, సోలార్‌కి ఎండ లేదు. మా బ్యాటరీ మాత్రం దీనివల్లే నిండింది, లైట్లు వెలిగాయి. అలాంటి గాలి ఏడాదికెన్నిసార్లు వస్తుంది, రావాలని ఎవరు కోరుకుంటారు?

సొంత ఇల్లు, పడకగదికి దూరంగా స్తంభం, పిలిస్తే వచ్చే మెకానిక్ ఉంటే నిలువుది ఆలోచించవచ్చు. నాకు బావగారంత స్థలం ఉంటే మాత్రం మూడు రెక్కలదే పెట్టించేవాణ్ణి.