మొయినాబాద్ దారిలోని అసీల్ కోళ్ల ఫారం: కోడిపిల్లలు, మాంసం కొనేవారి కోసం ఒక సమీక్ష

హైదరాబాదులో నాటుకోడి అని బోర్డు పెట్టిన దుకాణాలకు కొదవ లేదు గాని, బోనులో ఉన్నది ఏ జాతి కోడి అని అడిగితే తేల్చి చెప్పేవారు అరుదు. ఆ పేరుతో అమ్ముడుపోయే వాటిలో సోనాలి ఉంటుంది. అది రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుకు, ఫయూమీ పెట్టకు, అంటే రెండు విదేశీ జాతులకు పుట్టిన సంకరం. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కూడా ఉంటాయి. ఈ కోళ్లలో తప్పేమీ లేదు. పెరట్లో తిరుగుతూనే ఏడాదికి 100 గుడ్ల దాకా పెట్టే వనరాజా చిన్న రైతుకు నిజమైన ఆసరా. అయితే దాన్ని వనరాజా అని చెప్పే అమ్మాలి. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే దారిలో ఒక కుటుంబం నడుపుతున్న చిన్న ఫారాన్ని నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇదే. అక్కడ ప్రతి షెడ్డు ముందూ లోపలున్నది ఏ జాతో, దాని తల్లిదండ్రులను ఎక్కడి నుంచి తెచ్చారో రాసి ఉంటుంది. సంకరాన్ని సంకరం ధరకే ఇస్తారు.

వారి ప్రధానమైన జాతి పందెం పుంజులకు పేరుపడ్డ మన నాటుకోడి అసీల్. డేగ, కాకి, సేతు, నెమలి, కౌజు రంగులన్నీ కనిపిస్తాయి. ధర బ్రాయిలర్‌కు రెండింతలకు మించే ఉంటుంది. అది ఎక్కువని అనిపించినవారు ఒకసారి ఆ పెంపకం లెక్క చూడాలి. బ్రాయిలర్ కోడి 6 వారాలలోపే కోతకు వస్తుంది. అసీల్‌కు అర్ధ సంవత్సరమైనా చాలదు. పల్లెల్లో తిరిగే అసీల్ పెట్ట ఏడాదికి 30, 40 గుడ్లకు మించి పెట్టదు కాబట్టి పిల్లల సంఖ్య కూడా తక్కువే. పైగా పుంజులు ఎదిగే వయసులోనే ఒకదానినొకటి చీల్చుకుంటాయి గనుక వాటిని విడివిడిగా ఉంచాలి; అందుకు జాగా, జాలీ, మనిషి శ్రమ అన్నీ అదనం. ఇంత ఖర్చు పెట్టి జాతిని కలుషితం కాకుండా నిలుపుతున్నవారికి ఆ ధర న్యాయమైనదేనని నా అభిప్రాయం.

జాతిని నిలపడమంటే ఏమిటో ఆ ఫారంలో కళ్లారా చూడవచ్చు. ఒక్కో పుంజుతో ఏడెనిమిది పెట్టలను కలిపి ఒక గుంపుగా ఉంచుతారు, ప్రతి కోడి కాలికి అంకె ఉన్న రింగు తొడుగుతారు, ఏ పెట్ట గుడ్డు ఏ రోజు పొదుగుకు పెట్టారో పుస్తకంలో రాస్తారు. అన్నాచెల్లెళ్ల మధ్య సంపర్కం జరిగితే తరతరానికీ గుడ్లు సరిగా పొదగక, పిల్లలు బలహీనపడి జాతి దెబ్బతింటుంది కాబట్టి, పుంజులను గుంపుల మధ్య మారుస్తూ ఉంటారు. నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి మరొకటి ఉంది. గుడ్లన్నీ ఇంక్యుబేటర్‌లో పెడితే పెట్ట పొదుగు మాని త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది, ఆదాయమూ పెరుగుతుంది. అయినా వీరు కొన్ని పెట్టలను కావాలనే పొదుగుకు కూర్చోబెడతారు. పది పన్నెండు గుడ్లను 21 రోజులు కదలక కాచి, పిల్లలను గద్ద నుంచీ పిల్లి నుంచీ కాపాడుకునే గుణమే అసీల్ పెట్టకున్న గొప్ప విలువ. గుడ్ల కోసమే ఎంపిక చేస్తూ వచ్చిన లేయర్ కోళ్లలో ఆ గుణం దాదాపు పోయింది. దాన్ని రానున్న తరాలకు అందించాలంటే చక్కగా పొదిగే పెట్టల సంతానాన్నే తల్లులుగా నిలుపుకోవాలి. లాభం కాస్త వదులుకుని ఆ పని చేస్తున్నవారిని చూస్తే గౌరవం కలుగుతుంది.

మా పొలంలో పెంచడానికి ఇక్కడే పిల్లలను తీసుకున్నాను. కొత్తవారికి ఒక రోజు వయసున్న పిల్లలను ఇవ్వరు. బల్బు వేడి అవసరం తీరి, ఆరు వారాలు నిండాకే ఇస్తారు. తోడుగా ఇచ్చే కార్డులో మొదటి రోజు మారెక్స్ (పక్షవాతం తెచ్చే జబ్బు), తొలి వారంలో లసోటా (కొక్కెర తెగులుకు తొలి టీకా), రెండో వారం చివర గంబోరో (రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు), ఆరో వారంలో మశూచి టీకా వేసిన తేదీలు ఉంటాయి. కొక్కెర తెగులుకే ఎనిమిదో వారంలో వేయించాల్సిన ఆర్2బీ అనే మలి టీకా సూది కొన్నవారి బాధ్యత అని విడిగా రాసి ఇస్తారు. నగరం చుట్టుపక్కల పిల్లలను అమ్మేవారందరూ ఈ ఒక్క కార్డు ఇస్తే ఎన్నో గుంపులు చావు తప్పించుకుంటాయి.

మాంసం విషయానికి వస్తే, కోడి వయసు దాచకుండా చెబుతారు. కోసి, పసుపు రాసి, మంట మీద కాల్చి ఇస్తారు. ఎనిమిది నెలల పుంజు కుక్కర్‌లో చక్కగా ఉడుకుతుంది, ముదురు పెట్టకు మరింత సమయం కావాలి. పులుసు చిక్కగా దిగి, జొన్న రొట్టెతో అద్భుతంగా ఉంటుంది. అయితే ముక్కలు బ్రాయిలర్ లాగా పెద్దవిగా కొడుతున్నారు. నాటుకోడికి ఎముకతో సహా చిన్న ముక్కలే సరి. అడిగి చెప్పుకోవలసి వస్తోంది.

నేను గట్టిగా విభేదించేది కడక్‌నాథ్ అనే నల్లకోడి జాతి షెడ్డు దగ్గర పెట్టిన బోర్డుతో. ఆ మాంసం చక్కెర వ్యాధినీ గుండె జబ్బునూ నయం చేస్తుందని రాశారు. ఇంత నిజాయతీగా జాతులను పరిచయం చేసేవారు రోగులను ఆశపెట్టే మాట రాయకూడదు. చర్మం, ఎముక నల్లగా ఉండటం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన లక్షణమే తప్ప మందు కాదు. 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ మాంసానికి చెందినది. మన దగ్గర పెరిగిన కోడికి ఆ ముద్ర తగిలించడం సరికాదు. గుడ్లు మాత్రం లేత గోధుమ రంగులోనే ఉంటాయని, నల్ల గుడ్లంటే నమ్మవద్దని వారే కొనుగోలుదారులకు చెబుతున్నారు. అదే శ్రద్ధ బోర్డు మీదా చూపాలి.

సంక్రాంతికి ముందు పందెం కోసం పుంజులు అడిగేవారికి వీరు అమ్మరు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కోడిపందేలను నేరంగా చూస్తుంది. ఆ రోజుల్లో మంచి పుంజు ధర ఎంత పలుకుతుందో తెలిసినవారికి ఈ నిరాకరణ విలువ అర్థమవుతుంది.

వెళ్లే ముందు ఫోన్ చేసి పేరు రాయించుకోవడం అవసరం, ఎందుకంటే ఆదివారాల్లో అమ్మకానికి ఉంచేవి కొన్నే. ఏప్రిల్, మే ఎండల్లో గుడ్లు తగ్గి, పొదిగే శాతమూ పడిపోతుంది కాబట్టి పిల్లలు కావలసినవారు వానలు పడి చల్లబడ్డాక అడగటం మంచిది. తీసుకెళ్లడానికి అట్టపెట్టె కాకుండా గాలి ఆడే వెదురు గంప తెచ్చుకోవాలి.